రెండు విమానాల జవాబులు కలిసిపోతే: అపోహలు - వాస్తవాలు

సెకండరీ రాడార్ అంటే విమానాలను ప్రశ్న అడిగి, వాటి జవాబు చదివే రాడార్. అందులో పల్సులు, అంటే జవాబులోని చిన్నచిన్న రేడియో తునకలు, విడదీయడం నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఢీకొనేంత దగ్గరికొస్తేనే జవాబులు కలుస్తాయి.

అంత దగ్గర అక్కర్లేదు. రాడార్ 1030 మెగాహెర్ట్జ్‌లో అడుగుతుంది, విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరం 1090లో బదులిస్తుంది. మోడ్ ఎ (విమానం కోడ్), మోడ్ సి (ఎత్తు) జవాబులకు రెండు చివర్లా ఫ్రేమ్ పల్సులు ఉంటాయి, మొదటిదాని నుంచి చివరిదాని దాకా 20.3 మైక్రోసెకన్లు. దూరంలో చెబితే సుమారు 3 కిలోమీటర్లు. ఒకే బీమ్‌లో ఉన్న రెండు విమానాలకు రాడార్ నుంచి దూరంలో తేడా అంతకన్నా తగ్గితే జవాబులు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఎత్తులో తేడా ఉన్నా లాభం లేదు. లండన్ హీత్రూలో దిగడానికి బోవింగ్‌డన్, లాంబోర్న్ దగ్గర వెయ్యేసి అడుగుల తేడాతో విమానాలు గుండ్రంగా తిరుగుతుంటాయి చూడండి, కంట్రోలర్‌కు అది భద్రమైన ఎడమే. దూరంగా ఉన్న రాడార్‌కు మాత్రం అన్నీ దాదాపు ఒకే దూరంలో ఉన్నట్టు.

అపోహ: కలిస్తే రెండూ పోయినట్టే.

ఒక్కో పల్స్ వెడల్పు 0.45 మైక్రోసెకన్లు, ప్రతి 1.45 మైక్రోసెకన్లకూ ఒక పల్స్ చోటు. ఒకదాని పల్సులు రెండోదాని ఖాళీల్లో పడితే రెండూ శుభ్రంగా చదువుకోవచ్చు. తేడా 1.45కి గుణిజం అయినప్పుడే అసలు టెన్షన్, అంటే దూరంలో దాదాపు ప్రతి 217 మీటర్లకూ. అప్పుడు ఏ పల్స్ ఎవరిదో సమయం చెప్పలేదు. పైగా ఎవరెవరివో రెండు పల్సులు 20.3 ఎడంలో పడితే జవాబు చదివే డీకోడర్ వాటిని ఫ్రేమ్ పల్సులనుకుంటుంది, లేని మూడో విమానం పుడుతుంది! ఇందుకు రెండు విమానాలు కూడా అక్కర్లేదు. కంట్రోలర్ తెరమీద తనను గుర్తుపట్టడానికి పైలట్ ఐడెంట్ బటన్ నొక్కితే చివరి ఫ్రేమ్ పల్స్ తర్వాత 4.35 మైక్రోసెకన్లకు ఇంకో పల్స్ వస్తుంది. కోడ్ పల్సుల్లో ఒకటైన సి2 మొదటి ఫ్రేమ్ పల్స్ తర్వాత సరిగ్గా 4.35 దగ్గరే ఉంటుంది. ఈ రెంటి మధ్య ఎడం? మళ్లీ 20.3. దీని కోసం డీకోడర్‌లో ప్రత్యేకంగా ఒక నియమం రాయాల్సిందే.

మోనోపల్స్ రాడార్ ప్రతి పల్స్‌కీ దిశ, బలం కొలుస్తుంది కాబట్టి ఫలానా పల్స్ ఫలానా విమానానిదని తేల్చగలం. కానీ రెండు పల్సులు నిజంగా ఒకదాన్నొకటి కప్పేస్తే వచ్చే దిశ ఇద్దరిదీ కాదు.

అపోహ: మంచి డీకోడర్ ఎప్పుడూ ఏదో ఒక కోడ్ ఇస్తుంది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. తప్పు ఎత్తు చూపించడం కన్నా ఎత్తు చూపించకపోవడం నయం. నా మొదటి డీకోడర్‌లో అనుమానం ఉన్న బిట్‌ను సున్నా చేసేశాను. ఎవరూ వేసుకోని కోడ్ ఒకటి టెస్టులో తెరమీదికొచ్చింది. రాడార్ సమాచారం పంపే ఫార్మాట్ ఆస్టెరిక్స్ 48లో కోడ్‌కూ ఎత్తుకూ విడివిడిగా "గార్బుల్డ్" (కలగాపులగమైంది) అనే బిట్ పెట్టింది ఇందుకే. వాడండి.

అపోహ: ఫ్రూట్, గార్బుల్ ఒకటే.

ఫ్రూట్ అంటే వేరే రాడార్ అడిగినదానికి వచ్చిన జవాబు. ప్రశ్న మారేకొద్దీ చోటు మారుతుంది, పోల్చి తీసేయొచ్చు. గార్బుల్ అంటే మన ప్రశ్నకే వచ్చిన జవాబులు ఇలా కలిసిపోవడం, అది ప్రతి ప్రశ్నకూ అక్కడే ఉంటుంది.

అపోహ: మోడ్ ఎస్ వచ్చాక ఈ గొడవ పోయింది.

24 బిట్ల చిరునామాతో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది, నిజమే. ముందు ఆ పేర్లు తెలియాలిగా! అందుకే "అందరూ చెప్పండి" అనే ఆల్-కాల్ తప్పదు, అక్కడ మళ్లీ గుంపు. దొరికినవాళ్లను లాకౌట్‌తో మాట్లాడకుండా ఆపి, మిగతావాళ్లను నాలుగుసార్లకు ఒకసారో, ఎనిమిదిసార్లకు ఒకసారో మాత్రమే బదులివ్వమంటాం. మోడ్ ఎస్ లేని పాత ట్రాన్స్‌పాండర్లు రెండు పక్కపక్కన ఎగిరితే మాత్రం మళ్లీ ఆ 1.45 లెక్కే.