పాత ట్యాబ్‌ను ఒక్క పనికే కట్టేయడం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూనే గ్రూప్స్‌కో సర్టిఫికేషన్‌కో చదివే మనవాళ్లు ఇంట్లో మూలపడ్డ ట్యాబ్ తెచ్చుకుంటారు. లేదంటే ఎస్‌పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌ది కొంటారు. ఫోన్ పక్కన పడేసి దీంట్లో చదవాలన్న ఆలోచన బాగానే ఉంటుంది, తేడా కొట్టేది సెటప్ దగ్గరే.

అపోహ: నాలుగు యాప్‌లు తీసేసి మినిమల్ లాంచర్ (హోమ్ స్క్రీన్‌ను సాదాగా మార్చే యాప్) వేస్తే చాలు.

వాస్తవం: లాంచర్ మార్చేది పైముఖాన్నే. గూగుల్ ఖాతా ఉన్నంతకాలం సింక్, మెయిల్, అప్‌డేట్లు వెనకాల నడుస్తూనే ఉంటాయి. 2 జీబీ ర్యామ్ ట్యాబ్ నత్తనడక నడవడానికి సగం కారణం అదే. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఖాతా అడిగినచోట ‘స్కిప్’ కొట్టండి. అంతకుముందే సెట్టింగ్స్‌లో పాత ఖాతాను తొలగించాలి. అది మరిచి, బటన్లు నొక్కిపట్టి రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే, ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఉన్న ఎఫ్‌ఆర్‌పీ (ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్) తాళం పడుతుంది. పాత ఖాతా వివరాలు ఇస్తేగానీ ముందుకు పోనివ్వదు. కొనేవాళ్లయితే డబ్బు చేతిలో పెట్టకముందే కొట్లోనే రీసెట్ చేయించి, హోమ్ స్క్రీన్ దాకా వచ్చిందో లేదో చూసుకోవాలి.

ఖాతా లేకపోతే ప్లే స్టోర్ పనిచేయదు, మనక్కావలసిందీ అదే. ఖాతా అడగని ఉచిత యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్ నుంచి చదవడానికి కేఓరీడర్, రాసుకోవడానికి మార్కోర్, హోమ్‌కు ఓలాంచర్ దింపుకోండి. యూట్యూబ్, క్రోమ్ ముందే ఎక్కించి వస్తాయి కాబట్టి తీసేయడం కుదరదు, డిజేబుల్ చేయండి. తెలుగు కీబోర్డు కావాలంటే ఈలోపే భాష జతచేసుకోవాలి. ఆ తర్వాత వైఫై ఆపేసి, పుస్తకాలు కేబుల్‌తోనో మెమరీ కార్డుతోనో ఎక్కించుకోండి.

అపోహ: పీడీఎఫ్ తెరుచుకోవడం లేదంటే ట్యాబ్ పనికిరాదు.

వాస్తవం: తప్పు చాలాసార్లు ఫైల్‌ది. స్కాన్ చేసిన తెలుగు పుస్తకంలో ప్రతి పేజీ ఒక ఫొటోనే. వందల పేజీల రంగుల స్కాన్‌ను ల్యాప్‌టాప్‌లో అధ్యాయాలుగా విడగొట్టి, 150 డీపీఐ గ్రేస్కేల్‌కు దించితే పేజీ తిప్పగానే వస్తుంది. 7 అంగుళాల తెరపై ఏ4 పేజీ చీమల బారులా ఉంటుంది. కేఓరీడర్‌లో మార్జిన్ల క్రాప్ ఆటోలో పెట్టండి. అప్పటికీ చాలకపోతే అక్షరాలను తెర వెడల్పుకు సర్దే రీఫ్లో వాడొచ్చు, కానీ పాత ప్రాసెసర్ మీద ప్రతి పేజీకీ కాస్త ఆగాలి. తెలుగు ఈపబ్‌లో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే, నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను కేఓరీడర్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌లో వేసి, మెనూలో ఎంచుకోండి.

అపోహ: ర్యామ్ క్లీనర్‌తో వేగం పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. అది చంపిన యాప్ మళ్లీ మొదటినుంచి లేవాలి, అంతే. స్టోరేజీ నిండటమే అసలు జబ్బు. 16 జీబీ ట్యాబ్‌లో 3-4 జీబీ ఎప్పుడూ ఖాళీ ఉంచండి. బిల్డ్ నంబర్‌పై 7 సార్లు తట్టి, డెవలపర్ ఆప్షన్స్‌లో మూడు యానిమేషన్ స్కేళ్లనూ 0.5కు తగ్గిస్తే చేతికి తేడా తెలుస్తుంది.

అపోహ: సైట్లన్నీ ‘సురక్షితం కాదు’ అంటున్నాయి, వైరస్ పట్టింది.

వాస్తవం: ముందు తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే గడియారం ఏళ్లు వెనక్కి పోయి, సైట్లు అసలైనవేనని చెప్పే సర్టిఫికెట్లేవీ చెల్లవు. తేదీ సరిగ్గానే ఉండి, ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాతదైతే, చాలా సైట్లకు సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ కొత్త రూట్ సర్టిఫికెట్ అందులో లేదన్నమాట. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లు తనే తెచ్చుకుంటుంది కాబట్టి, ఆ పాత ఆండ్రాయిడ్‌పై నడిచే వెర్షన్ దొరికితే అందులో తెరుచుకోవచ్చు. బ్యాంకు పనులు మాత్రం ఈ ట్యాబ్‌లో వద్దు.

అపోహ: గ్రేస్కేల్, డార్క్ మోడ్ పెడితే చార్జింగ్ మిగులుతుంది.

వాస్తవం: ఓలెడ్ తెరకు డార్క్ మోడ్ మేలు చేస్తుంది. పాత ట్యాబ్‌లలో ఎక్కువ భాగం ఎల్‌సీడీలే. వాటి బ్యాక్‌లైట్ ఎలాగూ వెలుగుతుంది. బ్రైట్‌నెస్ తగ్గించుకోండి.

అపోహ: చార్జర్ పీకకుండా డెస్క్ మీద ఉంచేయొచ్చు.

వాస్తవం: నిండా చార్జ్, దానికి తోడు వేడి, రెండూ కలిస్తే లిథియం బ్యాటరీ ఉబ్బొచ్చు. 20-80 శాతం మధ్య తిప్పండి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 0.5 ఆంపియర్లే, వాడుతుంటే చార్జింగ్ ఎక్కకపోగా దిగుతుంది. 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. తెర అంచు ఒకవైపు లేచినా, బల్లమీద పెడితే ట్యాబ్ ఊగినా వెంటనే వాడకం ఆపండి. దాన్ని నొక్కి అతికించే ప్రయత్నం అసలు చేయకండి, బ్యాటరీకి చిల్లు పడితే మంట లేవొచ్చు. బ్యాటరీ మార్పించండి, లేదా ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయండి.