నల్లా రాని రోజు

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గారి అబ్బాయి నోటిలెక్కల్లో నీకన్నా చురుకైనవాడే అయినా పరీక్షల్లో ఎందుకు వెనకబడుతున్నాడని అడిగావు. వాడికి శ్రద్ధ లేదని నీ స్నేహితురాలు అన్న మాట నీకు నచ్చలేదని కూడా రాశావు, నాకూ నచ్చలేదు.

మీ మిద్దె మీద ట్యాంకు, కింద సంపు ఉన్నాయి గనుక నల్లా రాని రోజు ఏదో నీకు తెలియదు. చిక్కడపల్లిలో మా చిన్నప్పటి వాటాకు ఆ రెండూ లేవు. తెల్లవారకముందే బిందెలు వరుసగా పెట్టుకొని కూర్చునేవాళ్లం. ధార సన్నగా వచ్చిన రోజున బిందె మెడదాకా నిండేసరికి బడి గంట కొట్టేసేవారు, నేను ఆ పూట తరగతి బయట నిలబడేవాణ్ణి. ఎక్కాలన్నీ నాకు వచ్చు. హైదరాబాదు నల్లాలకు నీళ్లిచ్చేందుకు 1920లో కట్టిన గండిపేట చెరువు నిండుగా ఉన్న ఏడాది కూడా మా ఇంట్లో కటకటే, ఎందుకంటే వచ్చిన నీటిని నిలవ చేసుకునే చోటు మాకు లేదు.

ఇంట్లో నాలుగు డబ్బులుండటం ఆ ట్యాంకు వంటిది. జీతం ఆలస్యం కావడం, అమ్మకు జ్వరం రావడం ఏ ఇంట్లోనైనా జరిగేవే; ట్యాంకు ఉన్న ఇంట్లో ఆ కష్టం పైనే ఆగిపోతుంది, లేని ఇంట్లో అదే సాయంత్రానికి పిల్లవాడి దాకా దిగి, చెల్లెలిని ఎత్తుకోవడమో, కొనలేకపోయిన నోటుపుస్తకమో అవుతుంది. తమిళనాడు చెరకు రైతులపై జరిపి 2013లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, కోతకు ముందు చేతిలో డబ్బు ఆడనప్పుడు బుద్ధిపరీక్షల్లో తడబడిన రైతులే కోత డబ్బు అందాక మెరుగ్గా చేశారు. పెద్దవాళ్ల ఆలోచననే అంతగా లాగేసే చింత పిల్లలను ఊరికే వదులుతుందా? 2002 నుంచి హైదరాబాదుతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తూ వచ్చిన 'యంగ్ లైవ్స్' పరిశోధకులకు, ఉన్నవారి, లేనివారి పిల్లల మధ్య మాటల పరీక్షలో తేడా ఐదేళ్ల వయసుకే కనిపించింది.

ట్యాంకు నిండుగా ఉండి నల్లా తుప్పుపట్టిన ఇళ్లూ ఉన్నాయి: డబ్బుకు లోటు లేకున్నా బిడ్డతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. నిత్యం నీళ్లున్న ఇంట్లో పెరిగిన పిల్లలు, తిప్పగానే ధార రావడం తమ చేతి మహిమ అనుకోవడం నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెడుతుంది.

ఆ అబ్బాయిని మాత్రం ప్రశ్నలతో ఇబ్బంది పెట్టకు. వాడితో ఎప్పటిలాగే ఆడుకో. నీవు చూడవలసింది మీ ఇంటినే. ఈ వారం రోజులూ, డబ్బు ఉన్నందువల్ల నీ దాకా రాకుండా ఆగిపోయిన ప్రతి ఇబ్బందినీ, స్కూలు బస్సు తప్పితే నాన్న పిలిచిన ఆటోనూ, పోయిన మరునాడే వచ్చిన జామెట్రీ బాక్సునూ ఒక కాగితం మీద రాసి, ఆదివారం వచ్చేటప్పుడు నాకు తెచ్చి చూపించు.