నవాహో యురేనియం గనులు: తెలిసీ చెప్పకుండా దాచిన ముప్పు

యురేనియం గనుల వల్ల మూలవాసులు జబ్బుపడ్డారంటే, "అప్పట్లో ఎవరికి తెలుసు?" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అమెరికాలోని నవాహో అనే మూలవాసుల విషయంలో ఆ మాట చెల్లదు. యురేనియం కూడా ఉన్న జర్మనీలోని ష్నీబెర్గ్ గనుల కార్మికులు ఊపిరితిత్తుల కణితులతో చనిపోతున్నారని 1879లోనే ఇద్దరు వైద్యులు రాసిపెట్టారు.

నవాహో నేలలో తవ్వకాలు 1944లో మొదలయ్యాయి. అణుబాంబుల కోసం 1971 దాకా ఆ ఖనిజాన్ని కొన్నది ఒక్క అమెరికా ప్రభుత్వమే. తవ్వించింది ప్రైవేటు కంపెనీలు. గనిలో రాళ్లను పేల్చిన దుమ్ము అణగకముందే కార్మికులను లోపలికి పంపేవారు. దాహమేస్తే గని గోడల నుంచి కారే నీళ్లే తాగేవాళ్లు. సాయంత్రం అవే బట్టలతో ఇంటికొస్తే, ఆడవాళ్లు వాటిని పిల్లల బట్టలతో కలిపి ఉతికేవారు. గని దగ్గర పారేసిన రాళ్లతో ఇళ్లు కట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

గాలి ఆడని గనిలో, యురేనియం నుంచి పుట్టే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పేరుకుంటుంది. దాని నుంచి పుట్టే రేణువులు దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేస్తాయి. గనిలోకి బాగా గాలి కొట్టిస్తే ముప్పు చాలావరకు తగ్గేది.

అమెరికా ప్రజారోగ్య శాఖ 1950లో కార్మికులకు పరీక్షలు మొదలుపెట్టింది. రేడియేషన్ సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. కార్మికులను కంగారు పెట్టబోమని కంపెనీలకు మాటిచ్చాకే అధికారులకు గనుల్లోకి అనుమతి దొరికింది. ఈ కథలో నాకు అస్సలు మింగుడుపడనిది ఇదే. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 32 మంది నవాహో మగవాళ్లలో 23 మంది యురేనియం గనుల్లో పనిచేసినవాళ్లేనని 1984లో ఒక అధ్యయనం తేల్చింది. వాళ్లలో ఎక్కువమందికి పొగతాగే అలవాటు పెద్దగా లేదు.

1979 జులై 16న న్యూ మెక్సికో రాష్ట్రంలోని చర్చ్ రాక్ దగ్గర యురేనియం మిల్లు వ్యర్థాల కట్ట తెగి, 9.4 కోట్ల గ్యాలన్ల రేడియోధార్మిక ఆమ్లజలం ప్యుయెర్కో నదిలో కలిసింది. గొర్రెలు నీళ్లు తాగే నది అది.

పరిహార చట్టం 1990లో వచ్చింది. గని కార్మికులకు లక్ష డాలర్లు అన్నారు. కానీ సంప్రదాయం ప్రకారం పెళ్లాడిన వితంతువుల దగ్గర పెళ్లి కాగితాలు ఎక్కడివి? చాలామంది ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

2005లో నవాహో ప్రభుత్వం తమ నేలపై యురేనియం తవ్వకాలనే నిషేధించింది. వదిలేసిన గనులు మాత్రం ఇంకా 500కు పైనే ఉన్నాయి. కుళాయి లేని ఇళ్లవాళ్లు తాగే కొన్ని బావుల్లో యురేనియం ఉంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పరీక్షలు చేస్తే, నవాహో తల్లుల్లోనే కాదు, కొందరు పసిపిల్లల మూత్రంలోనూ అది బయటపడింది.