దీపం నుంచి దీపం-2 దాకా: గ్యాస్ బండకు ముందు డబ్బు పెట్టేదెవరు?

2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో రాష్ట్ర ప్రభుత్వ ఉచిత గ్యాస్ పథకం దీపం-2 మొదలైంది. బియ్యం కార్డు ఉన్న ఇంటికి ఏడాదికి మూడు బండలు ఉచితం. కాకపోతే పూర్తి ధర ముందు మనమే కట్టాలి, ఆ డబ్బు తర్వాత ఖాతాలో పడుతుంది. పేదింటికి కష్టమంతా ఇక్కడే ఉంది.

1999 నాటి మొదటి దీపంలో డ్వాక్రా మహిళల కనెక్షన్‌కు వెయ్యి రూపాయల డిపాజిట్ ప్రభుత్వం కట్టింది. పొయ్యి, ఆపై ప్రతి బండా ఇంటివాళ్లే కొనుక్కోవాలి. ఉద్దానంలో జీడికొమ్మలు, కొబ్బరి మట్టలు, తీరంలో సరుగుడు పుల్లలు ఊరికే దొరుకుతుంటే కూలి డబ్బు పోసి బండ ఎవరు మారుస్తారు? టీకీ, చుట్టాలొచ్చినప్పుడూ గ్యాసు; అన్నానికి కట్టెల పొయ్యే. 2016లో వచ్చిన కేంద్ర గ్యాస్ కనెక్షన్ల పథకం ఉజ్వలదీ అదే తీరు. పొయ్యికీ, మొదటి బండకూ అప్పు తీసుకున్నవాళ్లకు ఆ బాకీ తీరేదాకా సబ్సిడీ చేతికందలేదు.

ముందు కట్టి వెనక్కి తీసుకునే పద్ధతి కేంద్రం తెచ్చిన పహల్ పథకంతో స్థిరపడింది. 2015 జనవరి 1 నుంచి దేశమంతటా బండ మార్కెట్ ధరకే అమ్మి, సబ్సిడీని ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. దీపం-2 ఆ దారినే నడుస్తోంది.

డబ్బు రాలేదంటే ముందు ఖాతా చూడండి. ఆధార్ ఆఖరున ఏ బ్యాంకుకు అనుసంధానమైతే సొమ్ము అక్కడికే పోతుంది. ఉపాధి హామీ కోసమని తెరిచి మరిచిపోయిన పాసుపుస్తకంలో ఉండొచ్చు. ఉజ్వల కనెక్షన్ అయితే కేంద్రం వాటా, రాష్ట్రం వాటా విడివిడిగా పడతాయి. ఒకటి చూసి తక్కువొచ్చిందని కంగారుపడొద్దు. చనిపోయిన అత్తగారి పేరు మీదే కనెక్షన్ నడుస్తుంటే మరణ ధ్రువపత్రం, ఆధార్, బియ్యం కార్డు పట్టుకెళ్లి ఏజెన్సీలో పేరు మార్పించాలి, ఈ-కేవైసీ చేయించాలి. వలసల జిల్లాలో ఇంకో చిక్కు: బండ దించేటప్పుడు చెప్పాల్సిన కోడ్ చెన్నైలో పనిచేసే భర్త ఫోనుకు వెళ్తుంది. కనెక్షన్‌కు ఇంట్లో ఉండే ఫోను నంబరే ఇవ్వాలి. రసీదు తప్పక తీసుకోండి. దాని మీదున్న మొత్తమే తిరిగొస్తుంది, తెచ్చినతనికి పైన ఇచ్చింది రాదు. ఫిర్యాదుకు 1967.

మూడు బండలకు మూడు విడతలు: ఏప్రిల్–జూలై, ఆగస్టు–నవంబరు, డిసెంబరు–మార్చి. ఏ విడత బండ ఆ విడతలోనే బుక్ చేసుకోవాలి. మొదటి విడతలోనే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు మత్స్యకారుల ఇంట్లో బండకు ముందు పెట్టే డబ్బుండదు. కనీసం ఆ విడత సొమ్మయినా బుకింగ్‌కు ముందే ఖాతాలో వేయాలి.