చంద్రుడి మీద శని దృష్టి: అపోహలు - వాస్తవాలు

జ్యోతిషంలో చంద్రుడు మనఃకారకుడు, అంటే మనసును సూచించే గ్రహం. శని ఆలస్యానికి, బాధ్యతకు, దుఃఖానికి కారకుడు. ఈ రెండు ముక్కలూ కలిపి "జీవితాంతం దిగులే" అని తీర్పు చెప్పడం చాలా తేలిక. తేలిక కాబట్టే ఈ దృష్టి (ఒక గ్రహం తానున్న చోటి నుంచి మరో గ్రహాన్ని చూడటం) దగ్గర తప్పులూ ఎక్కువ.

అపోహ: ఇది అరుదుగా వచ్చే దోషం.

వాస్తవం: శనికి తానున్న రాశి నుంచి 3, 7, 10 స్థానాల మీద పూర్ణదృష్టి, అంటే పూర్తి బలమున్న చూపు. శని ఉన్న రాశినీ కలుపుకుంటే నాలుగు రాశులు. చంద్రుడు ఒక్కో రాశిలో సుమారు రెండుంపావు రోజులుంటాడు. అంటే నెలలో దాదాపు తొమ్మిది రోజుల్లో పుట్టినవాళ్లందరికీ శనితో యుతి (ఒకే రాశిలో ఉండటం) గానీ శని దృష్టి గానీ ఉండి తీరుతుంది. ముగ్గురిలో ఒకరికి ఉండేదాన్ని శాపమంటే ఎలా?

అపోహ: శని చంద్రుడికి నాలుగో ఇంట ఉన్నా పదో ఇంట ఉన్నా ఫలితం ఒకటే.

వాస్తవం: గొడవంతా ఇక్కడే ఉంది. దృష్టిని చూసే గ్రహం నుంచి లెక్కపెట్టాలి. జాతక చక్రంలో శని ఉన్న గడిని (రాశిని) ఒకటిగా తీసుకుని రాశుల వరుసలో చంద్రుడి గడి దాకా రావాలి. చంద్రుడి నుంచి శని నాలుగో ఇంట ఉంటే, శని నుంచి చంద్రుడు పదో ఇంట ఉన్నట్టు. అది పూర్ణదృష్టి. చంద్రుడి నుంచి శని పదో ఇంట ఉంటే, శని నుంచి చంద్రుడు నాలుగు. పరాశర పద్ధతిలో (మన సంప్రదాయ జ్యోతిష పద్ధతి) అక్కడ శనికి ముప్పాతిక దృష్టే. లెక్క చంద్రుడి దగ్గర మొదలుపెడితే ఫలితం తలకిందులవుతుంది. ఇక ఏడో ఇంట ఉంటేనే పరస్పర దృష్టి. 3, 10 స్థానాల్లో శని చంద్రుణ్ణి పూర్ణంగా చూస్తాడు తప్ప చంద్రుడు శనిని అలా చూడడు.

పాశ్చాత్య పద్ధతిలో రాశులు కాదు, డిగ్రీలు ముఖ్యం. 90 డిగ్రీల దూరముంటే ఎటువైపైనా దాన్ని స్క్వేర్ అంటారు, ఘర్షణ దృష్టిగా చదువుతారు. రెండు పద్ధతులూ కలిపేస్తే ఏమవుతుందో చూడండి. శని మకరం 1 డిగ్రీలో, చంద్రుడు తుల 29 డిగ్రీల్లో ఉన్నారనుకుందాం. రాశి లెక్కన అది పదో స్థానం, పూర్ణదృష్టి. డిగ్రీల్లో మధ్య దూరం 62 మాత్రమే. పాశ్చాత్యులకది అనుకూలమైన సెక్స్‌టైల్ (సుమారు 60 డిగ్రీల దృష్టి). కాబట్టి ఒక పద్ధతి చక్రం వేసి, రెండో పద్ధతి ఫలితం చదవకూడదు.

అపోహ: ఈ దృష్టి ఉన్నవాళ్లు నిరాశావాదులు, డిప్రెషన్ తప్పదు.

వాస్తవం: శాస్త్రం చెప్పే స్వభావం వేరు. మనసులో మాట త్వరగా బయటపెట్టకపోవడం, మాట ఇచ్చేముందు ఆలోచించడం, చిన్న వయసులోనే పెద్దరికం, పొగడ్తను నమ్మకపోవడం. ఇది బరువవుతుందా, బలమవుతుందా అనేది నాలుగు విషయాలు చూశాకే చెప్పాలి: చంద్రుడి పక్షబలం, అంటే తిథిని బట్టి వచ్చే బలం (శుక్ల అష్టమి నుంచి కృష్ణ అష్టమి దాకా బలవంతుడు), చంద్రుడున్న రాశి (వృషభంలో ఉచ్ఛ, వృశ్చికంలో నీచ), గురుదృష్టి ఉందా లేదా, లగ్నానికి (పుట్టిన సమయంలో తూర్పున ఉదయిస్తున్న రాశికి) శని ఏ ఇళ్ల అధిపతి. వృషభ, తులా లగ్నాలకు శని యోగకారకుడు, అంటే మంచి ఫలితాలిచ్చేవాడు. ఆ దృష్టిని మేష లగ్నానికి చదివినట్టు చదవకూడదు. డిప్రెషన్ వైద్యుడు నిర్ధారించాల్సిన జబ్బు, దాన్ని జాతక చక్రంలో వెతకకూడదు.

ఇంకోటి కూడా చెప్పాలి. భౌతిక శాస్త్రవేత్త షాన్ కార్ల్‌సన్ జ్యోతిష్కులకు పెట్టిన పరీక్ష ఫలితాలు 1985లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. ఒక జాతకమిచ్చి, మూడు వ్యక్తిత్వ నివేదికల్లో దానికి సరిపోయేది ఎంచమంటే జ్యోతిష్కులు గుడ్డిగా ఎంచినా వచ్చేంతే, మూడింట ఒక వంతే, సరిగ్గా చెప్పారు. ఒక్క దృష్టి పట్టుకుని ఎదుటి మనిషిని వర్ణించేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

అపోహ: ఇదీ ఏలినాటి శనీ ఒకటే.

వాస్తవం: కాదు. ఏలినాటి శని గోచారం, అంటే ఆకాశంలో శని ప్రస్తుత సంచారం. జన్మరాశికి (పుట్టినప్పుడు చంద్రుడున్న రాశికి) 12, 1, 2 స్థానాల్లో శని తిరిగే ఏడున్నరేళ్లు. జన్మకాల దృష్టి చక్రంలో మారదు.

అపోహ: శని రత్నమైన నీలం పెట్టుకుంటే దోషం పోతుంది.

వాస్తవం: రత్నం గ్రహానికి బలమిస్తుందన్నది ఆ పద్ధతి మూలసూత్రం. చూసే శనికే బలం పెంచితే దృష్టి తగ్గుతుందా? పోనీ చంద్రుడి రత్నమైన ముత్యం అంటారా, ధనుర్లగ్నానికి చంద్రుడు అష్టమాధిపతి, కుంభానికి షష్ఠాధిపతి. ఎనిమిదో, ఆరో ఇళ్లను మంచివిగా చెప్పరు. లగ్నం చూడకుండా ముత్యం చెప్పడమూ తప్పే. లగ్నం రెండు గంటలకొకసారి మారిపోతుంది కాబట్టి ముందు పుట్టిన సమయం సరిచూసుకోవాలి. చంద్రుడు గంటకు అర డిగ్రీ మాత్రమే కదులుతాడు. రాశిసంధిలో (రెండు రాశుల సరిహద్దులో) లేకపోతే పది నిమిషాల తేడాకు ఈ దృష్టి మారదు, రత్నం మాత్రం మారిపోవచ్చు.

ఫలితం ఎప్పుడు కనబడుతుందని అడిగితే వింశోత్తరి దశలు, అంటే జీవితాన్ని గ్రహాల వారీగా పంచే మహాదశలు, వాటిలోని అంతర్దశలు చూడాలి. శని మహాదశలో చంద్ర అంతర్దశ 19 నెలలు. చంద్ర మహాదశలో శని అంతర్దశ కూడా సరిగ్గా అంతే.