ఏడాదిన్నర దాటిన పిల్లలు: ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

"మేడమ్, వీడు అసలేమీ తినడం లేదు." కుర్చీలో కూర్చోకముందే వచ్చే మాట ఇది. ఆ 'ఏమీ తినని' బుడ్డోడు అప్పటికే బరువు చూసే మిషన్ ఎక్కి దిగి, నా స్టెతస్కోపు లాగి, చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఉంటాడు.

ఖమ్మంలో 14 ఏళ్ళుగా పిల్లల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఇంట్లో మా చిన్నదానికి వచ్చే నెలాఖరుకు రెండేళ్ళు నిండుతాయి. పగలు నలుగురికీ చెప్పిన సలహాకు రాత్రి నాకే పరీక్ష పెడుతుంది అది. ఇన్నేళ్ళలో ఒకటి గమనించాను. అమ్మానాన్నలు టెన్షన్ అక్కర్లేని చోట నిద్ర మానుకుని మరీ పడతారు. పడాల్సిన చోట మాత్రం "వాళ్ళ నాన్నకీ ఇంతేనంట" అని ఊరుకుంటారు.

అపోహ: ఏడాది వరకు బాగానే తిన్నాడు, ఇప్పుడు ఆకలి చచ్చిపోయింది. టానిక్ రాయండి.

వాస్తవం: మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజుకు తొమ్మిది కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే 12 నెలల్లో ఆరు కిలోలు. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఒళ్ళు పెరిగే వేగం అంత తగ్గినప్పుడు ఆకలి మాత్రం ఎందుకు తగ్గదు? పైగా నడక వచ్చింది, లోకం దొరికింది. బీరువా కింద దూరిన బంతి ముందు పప్పన్నం ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల పట్టికల్లో రెండేళ్ళకు మధ్య గీత (సగం మంది పిల్లలు దానికి పైన, సగం మంది కింద ఉంటారు) మగపిల్లలకు 12.2 కిలోలు, ఆడపిల్లలకు 11.5. అదేమీ పాస్ మార్కు కాదు. మా అమ్మాయి 10.4 ఉంది. మొదటి నుంచీ తన గీత వెంబడే పోతోంది కాబట్టి నాకు బెంగ లేదు. మా అత్తయ్యకే ఉంది. బరువు తగ్గుతున్నా, ఆరు నెలలుగా అక్కడే ఆగిపోయినా అప్పుడు నా దగ్గరికి రండి.

వడ్డించడానికి ఒక లెక్క చెబుతాను: ఒక్కో పదార్థం వయసుకు ఒక పెద్ద చెంచా చొప్పున. రెండేళ్ళ పిల్లకు రెండు చెంచాల అన్నం, రెండు పప్పు, రెండు కూర. ఇంకా కావాలంటే మళ్ళీ పెట్టండి. మనం పళ్ళెం నిండా కలిపి, సగం మిగిలితే 'తినలేదు' అంటాం. ఆకలి టానిక్కులంటారా, వాటిలో కొన్ని మగతనిచ్చే మందులు. నేను రాయను.

అపోహ: అన్నం తినకపోతే ఏం, పాలు తాగుతున్నాడుగా. పాలే బలం.

వాస్తవం: ఈ ఒక్క మాట వల్ల నా ఓపీలో జరుగుతున్న నష్టం మరే మాట వల్లా జరగడం లేదు.

పోయిన చలికాలంలో ఒక 21 నెలల బాబును తెచ్చారు. సొంత బర్రె ఉంది. సీసాతో రోజుకు ఐదుసార్లు, మొత్తం లీటరు పైనే. బుగ్గలు పూరీల్లా ఉన్నాయి, బరువు 12 కిలోలు దాటింది. "చూడండి మేడమ్, ఎంత పుష్టిగా ఉన్నాడో. కానీ గోడ సున్నం గీకి తింటున్నాడు, మన్ను కనబడితే వదలడు. ఏడిస్తే ఊపిరి బిగబట్టి నీలంగా అయిపోతున్నాడు." కింది కనురెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ 6.8. ఆ వయసుకు 11 దగ్గర్లో ఉండాలి.

పాలలో కాల్షియం ఉంది, ప్రోటీన్ ఉంది. ఐరన్ మాత్రం దాదాపు లేదు. లీటరు పాలతో పొట్ట నిండిపోయాక ఐరన్ ఉన్న తిండికి చోటెక్కడిది? తిన్న కాస్త తిండిలోని ఐరన్‌నూ పాలలోని కాల్షియం సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ తగ్గితే ఆకలి ఇంకా పడిపోతుంది. అన్నం తినడం లేదని ఇంకో సీసా కలుపుతారు. అలా తిరుగుతూనే ఉంటుంది ఆ గానుగ. మలబద్ధకం దానికి అదనం.

ఇది ఎక్కడో ఒక ఇంటి గొడవ అనుకోకండి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత తేలింది. తెలంగాణలో 70 శాతం.

ఏడాది దాటాక పాలు రోజుకు 400-500 మిల్లీలీటర్లు చాలు. అవీ గ్లాసుతోనే. పెరుగు, మజ్జిగ తింటే ఆ మేరకు పాలు తగ్గించాలి. గుడ్డు, కోడి కాలేయం, చేప, తోటకూర పప్పు, రాగి జావ, శనగలు ఉడికించి మెదిపినవి రోజూ ఏదో ఒకటి పడాలి. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఐరన్ బాగా పడుతుంది. తెలంగాణ అంగన్‌వాడీల్లో మూడేళ్ళలోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన పిండి అది. చాలా ఇళ్ళలో దాన్ని బర్రెకు కుడితిలో కలుపుతారు. బర్రె పాలేమో పిల్లాడికి.

ఆ బాబుకు సీసా మాన్పించాం. మొదటి మూడు రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదని వాళ్ళ నాన్నమ్మ నన్ను తిట్టిపోసింది. మూడు నెలలు ఐరన్ సిరప్ వాడారు. దొడ్డికి నల్లగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పాను. మన్ను తినడం మూడో వారానికే ఆగింది.

అపోహ: ఏడుస్తూ ఊపిరి బిగబట్టడం ఫిట్సు. గాలి సోకింది.

వాస్తవం: అడిగింది ఇవ్వకపోతేనో, దెబ్బ తగిలితేనో ఒక్కసారి ఏడ్చి, గాలి బయటికి వదిలి, మళ్ళీ పీల్చడు. పెదాలు నీలమవుతాయి, ఒళ్ళు బిగుస్తుంది లేదా వాలిపోతుంది. నిమిషంలోపే తనంతట తానే తేరుకుంటాడు. చూసేవాళ్ళ ప్రాణం పోయినంత పనవుతుంది గానీ దీనివల్ల మెదడుకు దెబ్బ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు పోయొద్దు, చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టినా లాభం లేదు. మొదటిసారి వస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి. ఏడుపు లేకుండా వస్తే తప్పకుండా. వీళ్ళలో చాలామందికి రక్తం తక్కువుంటుంది. ఐరన్ ఇస్తే ఇవీ తగ్గుతాయి. తీగ లాగితే మళ్ళీ ఆ పాల సీసా దగ్గరికే వచ్చాం.

అపోహ: ఫోన్ చూపిస్తే నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది, పోనీలే.

వాస్తవం: ఇక్కడ నేనూ దోషినే. పోయిన వేసవిలో ఓపీ ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చి, పాపను ఒళ్ళో వేసుకుని, ఫోన్‌లో రైమ్స్ పెట్టి అన్నం కుక్కిన రోజులున్నాయి. పది నిమిషాల్లో గిన్నె ఖాళీ. ఒకరోజు మధ్యలో ఛార్జింగ్ అయిపోయింది. నోరు తెరిచే ఉంది, నోట్లో ముద్ద అలాగే ఉంది, నమలడం లేదు. అప్పటిదాకా తను తినలేదు, నేను నింపాను, అంతే.

మరుసటి రోజు నుంచి నేల మీద పాత పేపర్ పరిచి, స్టీలు పళ్ళెంలో ముద్దపప్పు, అన్నం, నెయ్యి వేసి తన ముందు పెట్టాను. మొదటి ముద్ద బొమ్మ నోటికి, రెండోది తన జుట్టుకు, మూడోది నా చీరకు. నాలుగోది నోట్లోకి. మా అమ్మ పక్కన కూర్చుని "అయ్యో అన్నం నేలపాలు" అంటూనే ఉంది. వారం రోజులు తిన్నది సగమే. తర్వాత తర్వాత "పప్పు ఇంకా" అని పళ్ళెం చూపించడం మొదలైంది. ఇప్పటికీ పేపర్ పరవాల్సిందే. భోజనం 20 నిమిషాలు. దాటితే పళ్ళెం తీసేస్తాను, బతిమాలను.

రెండేళ్ళలోపు పిల్లలకు అసలు స్క్రీన్ వద్దన్నది మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం మాట. దూరాన ఉన్న తాతయ్యతో వీడియో కాల్‌కు మినహాయింపు ఉంది. అందులో అవతల మనిషి జవాబు చెబుతాడు కాబట్టి.

అపోహ: మగపిల్లలకు మాటలు లేటుగానే వస్తాయి. వస పోస్తే సరి.

వాస్తవం: టెన్షన్ పడాలని నేను చెప్పే చోటు ఇదే. జనం నిబ్బరంగా ఉండే చోటూ ఇదే. ఆడపిల్లలకు కొన్ని వారాలు ముందు వస్తాయేమో గానీ, మగపిల్లలకని వేరే గడువు లేదు. రెండేళ్ళకు సుమారు 50 మాటలు ఉండాలి, రెండు మాటలు కలపాలి. "అమ్మ రా", "పాలు వద్దు", "తాత బండి". మాట స్పష్టంగా లేకపోయినా పర్లేదు, ఇంట్లో వాళ్ళకు అర్థమైతే చాలు.

మాటల కంటే ముందు నేను చూసేది చూపుడువేలు. ఏడాదిన్నరకు ఆకాశంలో విమానం కనబడితే వేలెత్తి చూపించి, మీరు చూశారో లేదో అని మీ మొహం వైపు తిరుగుతాడా? పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా? ఉన్న మాటలు పోతున్నాయా? వీటిలో ఏది తేడాగా ఉన్నా 'మూడేళ్ళు రానీ, స్కూల్లో వేస్తే అదే వస్తుంది' అనకండి. మొదట వినికిడి పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఎదుగుదల లోపాలను ముందుగానే గుర్తించి సాయం చేసే డీఈఐసీ అనే కేంద్రాలున్నాయి, అక్కడ డబ్బు కట్టక్కర్లేదు. మూడేళ్ళ తర్వాత వచ్చే తల్లులు నా ముందు ఏడుస్తారు. వాళ్ళకు ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు చేతకాదు.

వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు రావు. వాంతులొచ్చి నా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. వినడం వల్ల, జవాబు చెప్పడం వల్ల మాటలొస్తాయి. బియ్యం ఏరుతూ "ఇది రాయి, పారేద్దాం" అన్నా పాఠమే. ఇంట్లో రెండు భాషలుంటే మాటలు ఆగిపోతాయన్నదీ నిజం కాదు. డల్లాస్‌లో ఉన్న మా కజిన్ అదే భయంతో పాపతో తెలుగు మానేస్తానంది. మానొద్దన్నాను. తనకు బాగా వచ్చిన భాషలోనే కదా గలగలా మాట్లాడగలదు.

అపోహ: మొక్కై వంగనిది మానై వంగునా? ఇప్పుడే రెండు తగిలించాలి.

వాస్తవం: ఇది మొక్క కూడా కాదు, మొలక. షాపులో నేల మీద పడి దొర్లే పిల్ల మిమ్మల్ని సాధించడం లేదు. కావాల్సింది తెలుసు, చెప్పే మాట లేదు, ఆపుకునే శక్తి మెదడుకు ఇంకా రాలేదు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ దాకా ఇది ఎక్కువ. దెబ్బ తగలకుండా చూసి, పక్కనే కూర్చోండి, తక్కువ మాట్లాడండి. వద్దన్నది మాత్రం ఏడ్చిందని ఇవ్వకండి. అమ్మ వద్దంటే నాన్నమ్మ కొంగు చాటున ఇచ్చే ఇళ్ళలో ఈ సూత్రం పనిచేయదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

కొన్ని చిన్నవి, గబగబా

నిద్రలో పళ్ళు పటపటా కొరికితే కడుపులో నులిపురుగులని కాదు, రెంటికీ సంబంధం లేదు. పురుగుల మందు ఎలాగూ ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 ప్రాంతాల్లో అంగన్‌వాడీలో ఇస్తారు. ఒకటి నుంచి రెండేళ్ళ వాళ్ళకు సగం మాత్ర, పొడి చేసి.

పళ్ళొస్తున్నాయని విరేచనాలు కావు. చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం వల్ల అవుతాయి. ఓఆర్ఎస్ ఇవ్వండి, జింక్ 14 రోజులు వాడండి.

అరటిపండు, పెరుగు తింటే జలుబు రాదు. ఇంకొకరి ముక్కు నుంచి వస్తుంది. ఈ వయసులో ఏడాదికి ఆరేడుసార్లు రావడం మామూలే. మందుల షాపులో అడిగి దగ్గు సిరప్ పోయకండి. రెండేళ్ళలోపు వాళ్ళకు వద్దని 2025 అక్టోబరులో కేంద్రం కూడా చెప్పింది.

పల్లీలు తింటే బలమే, కానీ పొడిగానో ముద్దగానో. గింజలుగా నాలుగేళ్ళు దాటేదాకా వద్దు. బఠానీ, సీతాఫలం గింజ కూడా అంతే. ఆడుకుంటూ ఒక్కసారి పొలమారి, తర్వాత మామూలుగా ఉన్నా దగ్గు వదలకపోతే, పల్లీ తింటోందన్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఊపిరితిత్తిలో ఇరుక్కున్న పల్లీని తీయించడానికి రెండు వారాల తర్వాత హైదరాబాద్ పంపిన పిల్లలున్నారు.

అపోహ: తొమ్మిది నెలల తట్టు టీకాతో సూదులన్నీ అయిపోయాయి.

వాస్తవం: కాలేదు. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టర్, తట్టు-రుబెల్లా రెండో డోసు, పోలియో చుక్కల బూస్టర్ ఉన్నాయి. విటమిన్ ఎ రెండో డోసు కూడా ఈ వయసులోనే. మొదటి ఏడాది కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి భద్రంగా తెచ్చినవాళ్ళే ఇక్కడికొచ్చేసరికి మరిచిపోతారు. సబ్ సెంటర్లో బుధ, శనివారాల్లో వేస్తారు. డీపీటీ వేసిన రాత్రి జ్వరం రావచ్చు, రెండు రోజులు కుంటుకుంటూ నడవొచ్చు. బరువును బట్టి పారాసిటమాల్ డోసు ఏఎన్‌ఎంను అడిగి రాయించుకోండి. సూది వేసిన చోట వేడి కాపడం పెట్టకండి, రుద్దకండి.