లో వోల్టేజ్ అలారానికి ఒక్క అంకె చాలదు

రైస్ మిల్లుల్లో, స్పిన్నింగ్ మిల్లుల్లో మెయిన్ ప్యానెల్ మీద అరచేతి సైజులో ఒక డిజిటల్ మీటరు ఉంటుంది. వోల్టేజ్, కరెంటు, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) చూపించడమే కాదు, తేడా వస్తే హూటర్ కూడా మోగిస్తుంది. ఎంత తేడా వస్తే మోగించాలో మనమే దానికి చెప్పాలి. ఆ హద్దు పేరే సెట్‌పాయింట్.

సప్లై 415 వోల్టుల త్రీఫేజ్ అనుకుందాం. వోల్టేజ్ తగ్గినా మోటారు మీద బరువు తగ్గదు. అదే పని చేయడానికి అది ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అందుకని పది శాతం తగ్గుదల చూసుకుని 374 దగ్గర అలారం పెట్టామనుకోండి. చిక్కు అక్కడే మొదలవుతుంది. నేరుగా లైనుకు కలిపే ఇండక్షన్ మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ కొద్ది సెకన్లు వోల్టేజ్ పడిపోయి మళ్లీ లేస్తుంది. ప్రతి స్టార్టుకూ హూటర్ మోగితే రెండో రోజుకల్లా ఎవరో ఒకరు దాని వైరు పీకేస్తారు. కాబట్టి డిలే పెడతారు: వరసగా పది సెకన్లు 374 కంటే కిందే ఉంటేనే మోగాలి. మధ్యలో పైకి లేస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి.

ఇంకో అంకె కూడా కావాలి. లోడు పెరిగిన వేళ వోల్టేజ్ 373, 375 మధ్య ఊగిసలాడుతూ ఉంటే అలారం వస్తూ పోతూ ఉంటుంది, హూటర్‌ను ఆన్, ఆఫ్ చేసే రిలే టకటకా కొట్టుకుంటుంది. అందుకే మోగే హద్దు 374 అయితే ఆగే హద్దును 385 దగ్గర పెడతారు. ఫ్రిజ్ ఆన్ అయ్యే చలి, ఆఫ్ అయ్యే చలి వేరుగా ఉండేదీ ఇందుకే.

చాలామంది మొదటి అంకె మీద బుర్ర బద్దలు కొట్టుకుని, మిగతా రెండూ కంపెనీ పెట్టి పంపినట్టే వదిలేస్తారు. నన్నడిగితే అసలు ఆలోచించాల్సింది డిలే గురించే. వోల్టేజ్ సగానికి పడిపోయి పదో వంతు సెకనులో తిరిగొచ్చిందనుకోండి. అంతలోనే కాంటాక్టర్లు, అంటే మోటార్లకు కరెంటు కలిపే స్విచ్చులు, వదిలేస్తే మిల్లు ఆగిపోతుంది, మీటరు అలారం లిస్టులో మాత్రం ఏమీ ఉండదు. అలాంటివి దొరకాలంటే ప్రతి అర సైకిల్‌నీ, అంటే 10 మిల్లీసెకన్లకోసారి, చూసే మీటరు వేరే ఉండాలి.

మాక్సిమమ్ డిమాండ్, అంటే బిల్లుకు ఎక్కే గరిష్ఠ వాడకం, లెక్క ఇంకో రకం. అది ఆ క్షణపు అంకె కాదు, 15 లేదా 30 నిమిషాల సగటు. కరెంటు కంపెనీతో ఒప్పందం 200 కేవీఏ (వాడకం కొలిచే యూనిట్), సగటు లెక్కగట్టే గడువు అరగంట అయితే, మొదటి పావుగంట 240 వాడినా తర్వాతి పావుగంట 160 దగ్గర ఆపుకుంటే గండం గట్టెక్కినట్టే. అలారాన్ని సరిగ్గా 200 దగ్గర పెడితే అది మోగేసరికి ఆ అంకె బిల్లుకు ఎక్కే ఉంటుంది. 180 దగ్గర పెడితే ఏదో ఒక మోటారు ఆపే వ్యవధి మిగులుతుంది.

పవర్ ఫ్యాక్టర్ అలారానికి 'కరెంటు ఫలానా మోతాదు దాటినప్పుడే' అనే షరతు కలపడం మంచిది. లేకపోతే రాత్రి మోటార్లన్నీ ఆపి నాలుగు లైట్లు వేసుకున్నప్పుడు ఊరికే మోగి వాచ్‌మన్‌కు టెన్షన్ పెడుతుంది.

ఇవన్నీ సరిగ్గా పెట్టినా సీటీ (పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంతకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) రేషియో తప్పితే అంతా వృథా. 400/5 సీటీకి మీటరులో 200/5 అని నొక్కితే 350 ఆంపియర్లు పోతున్నా 175 అనే చూపిస్తుంది, 300కి పెట్టిన అలారం మోగదు. హద్దును కాసేపు కిందికి దించి హూటర్ మోగిస్తే వైరింగ్ బాగుందని తేలుతుంది గానీ ఈ తప్పు బయటపడదు. దానికి కేబుల్‌కు క్లాంప్ మీటరు (కేబుల్ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) తగిలించి రెండు అంకెలూ పక్కపక్కన చూసుకోవాల్సిందే.